జనం లెక్క, దూరం లెక్క: గడ్చిరోలి దక్షిణ తాలూకాల్లో వసతుల తీరు

దేశంలోని ప్రతి జిల్లాకూ జనగణన శాఖ రెండు భాగాలుగా ఒక పుస్తకం వెలువరిస్తుంది. రెండో భాగంలో ఊరూరి జనాభా, ఇళ్లు, అక్షరాస్యులు, పనివారి అంకెలు ఉంటాయి. మొదటి భాగంలో ఏ ఊళ్లో ఏ వసతి ఉంది, ఏది లేదు అన్న పట్టిక ఉంటుంది. బడి, ఆరోగ్య ఉపకేంద్రం, తాగునీటి ఆధారం, తపాలా కార్యాలయం, బ్యాంకు, బస్సు, పక్కా రోడ్డు, కరెంటు ఒక్కో గడిగా వరుసగా సాగుతాయి. వసతి ఊళ్లో లేకపోతే ఆ గడిలో ఒక అక్షరం పడుతుంది: 5 కిలోమీటర్లలోపు దొరికితే ‘ఎ’, 5 నుంచి 10 లోపు దొరికితే ‘బి’, 10 దాటితే ‘సి’. మహారాష్ట్రకు తూర్పు కొసన, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌ల సరిహద్దును ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో, అందులోనూ తెలుగు, మాడియా, గోండి, మరాఠీ కలగలిసి వినిపించే దక్షిణ తాలూకాల్లో, అసలు సంగతంతా ఈ ‘సి’ అక్షరం వెనుకే ఉంది. 11 కిలోమీటర్ల దూరానికీ అదే అక్షరం, 110 కిలోమీటర్ల దూరానికీ అదే అక్షరం. మధ్యలో వాగు ఉన్నదీ లేనిదీ, ఆ వాగు మీద వంతెన ఉన్నదీ లేనిదీ ఆ గడికి అక్కర్లేదు.

చంద్రపూర్ నుంచి విడదీసి 1982 ఆగస్టు 26న ఏర్పాటు చేసిన గడ్చిరోలి విస్తీర్ణం 14,412 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 10,72,942. అంటే చదరపు కిలోమీటరుకు 74 మంది. అదే ఏడాది మహారాష్ట్ర సగటు 365. నూటికి దాదాపు 39 మంది షెడ్యూల్డ్ తెగలవారు, 89 మంది పల్లెవాసులు. జనావాస గ్రామాలు సుమారు 1,500 ఉండగా, పల్లె జనాభాను వాటికి పంచితే ఊరికి 600 పైచిలుకు మంది వస్తారు. ఇది సగటు మాత్రమే. ఉత్తరాన దేసాయిగంజ్, ఆర్మోరి వైపు వరి పండే మైదానంలో పెద్ద ఊళ్లున్నాయి కాబట్టి, దక్షిణాన ఏటపల్లి, భామ్రాగడ్ అడవుల్లోని ఊరు ఈ సగటుకు చాలా దిగువనే ఉంటుంది. ఇరవై ముప్పై గడపల ఊళ్లు అక్కడ అరుదు కాదు.

వసతులు పంచే నిబంధనలన్నీ తలల లెక్క మీద నిలబడినవి. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైతే ఆ అంకెలు 30,000, 20,000. సామాజిక ఆరోగ్య కేంద్రానికి 1,20,000, 80,000. గిరిజన ప్రాంతానికి మూడో వంతు, కొన్నిచోట్ల అంతకుమించి సడలింపు ఇచ్చినట్టు కాగితం మీద కనిపిస్తుంది. ఆ సడలింపును భూమి మీద పరిచి చూస్తే కథ మారిపోతుంది. రాష్ట్ర సగటు జనసాంద్రత ఉన్నచోట 30,000 మంది 82 చదరపు కిలోమీటర్లలో సర్దుకుంటారు. గడ్చిరోలి సగటు సాంద్రతలో 20,000 మంది కావాలంటే 270 చదరపు కిలోమీటర్లు తిరగాలి. సాంద్రత 30కి పడిపోయే అడవి మండలమొకటి ఊహించుకుంటే అదే 20,000 మందికి 660 చదరపు కిలోమీటర్లు పైన పడతాయి. జనాభా నిబంధనను మూడో వంతు తగ్గించి, విస్తీర్ణాన్ని మూడు నుంచి ఎనిమిది రెట్లు పెంచినట్టయింది. దీన్ని సడలింపు అని పిలవడం కష్టం.

ఉపకేంద్రం సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడవచ్చు. 3,000 మందికి ఒక ఉపకేంద్రమంటే ఇక్కడ సుమారు 40 చదరపు కిలోమీటర్లు, నాలుగైదు రెవెన్యూ గ్రామాలు, వాటి కిందుండే గూడేలు, టోలాలనే విడి విడి చిన్న ఆవాసాలు. ఒక నర్సు ఇవన్నీ తిరిగి టీకాలు వేయాలి, గర్భిణుల పేర్లు రాయాలి, జ్వరం వచ్చినవారి వేలి చివర నుంచి రక్తపు చుక్క తీయాలి. మహారాష్ట్రలో నమోదయ్యే మలేరియా కేసుల్లో పెద్ద వాటా ఏటా ఈ ఒక్క జిల్లాదే, అందులో భామ్రాగడ్ ముందు వరుసలో ఉంటుంది. కాబట్టి రక్తపరీక్ష ఎంత తొందరగా జరిగితే అంత మేలు. ఆ తొందర వానాకాలంలోనే కావాలి. నర్సు ఊరు చేరలేని కాలమూ అదే. ఇలాంటి చోట్ల ఒక ఉద్యోగికి 3,000 మందిని అప్పగించడం సులువు పని అనుకునేవారు 40 చదరపు కిలోమీటర్ల అడవిని లెక్కలోకి తీసుకోలేదనే అర్థం.

రోడ్ల విషయంలోనూ తలల లెక్కదే పెత్తనం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైనప్పుడు మైదానంలో 500 మంది, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకు రోడ్డు అన్నారు. తర్వాత తీవ్రవాద ప్రభావిత బ్లాకుల్లో 100 మంది దాకా దించారు. ఆ దించడం నిజంగా పనికొచ్చింది. అయినా 90 మంది ఉన్న టోలా ఆ గీతకు అవతలే మిగిలిపోయింది. అంగన్‌వాడీకి గిరిజన ప్రాంతంలో 300 మంది, మినీ అంగన్‌వాడీకి 150 మంది కావాలి. బడికి మాత్రం విద్యాహక్కు చట్టం దూరాన్ని కొలమానంగా తీసుకుంది: ప్రాథమిక పాఠశాల కిలోమీటరులోపు, ప్రాథమికోన్నత పాఠశాల 3 కిలోమీటర్లలోపు ఉండాలి. అందుకే ఈ జిల్లా అంతటా వసతుల పట్టికలో నిండుగా కనిపించే గడి బడిదే. దూరాన్ని కొలమానం చేస్తే ఏమవుతుందో దీన్ని చూసి తెలుసుకోవచ్చు. 2001లో 60 శాతంగా ఉన్న జిల్లా అక్షరాస్యత 2011కి 74.36 శాతానికి రావడంలో ఊరి బడికి ఉన్న పాత్ర చిన్నది కాదు. 20 మందిలోపు పిల్లలున్న బడులను ఒకచోట కలిపి సమూహ పాఠశాలలు పెట్టాలన్న ఆలోచన మహారాష్ట్రలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. అది అమలైతే దూరం పోయి మళ్లీ తలల లెక్కే బడిలోకి వస్తుంది. 25 గడపల ఊళ్లో 20 మంది బడి ఈడు పిల్లలు ఉండాలనడం ఆ ఊరికి బడి వద్దనడంతో సమానం.

నిబంధనల సంగతి ఇలా ఉంటే, వాటికి ఆధారమయ్యే లెక్క ఎలా తయారవుతుందన్నది ఇంకో ప్రశ్న. జనగణనకు ఊరు అంటే రెవెన్యూ గ్రామం, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగి అయిన తలాఠీ దస్త్రంలో హద్దులున్న ఊరు. దాని కిందుండే గూడెం గానీ టోలా గానీ పట్టికలో విడిగా కనిపించదు. అసలు ఊళ్లో చేతిపంపు ఉంటే మూడు కిలోమీటర్ల దూరంలోని టోలాకు కూడా చేతిపంపు ఉన్నట్టే లెక్క, టోలావాసులు చెలమ నీళ్లే తాగుతున్నా సరే. అదే పట్టికలో జనం లేని ఊళ్లకూ ఒక్కో వరుస ఉంటుంది. తెలంగాణ పాత రెవెన్యూ కాగితాల్లో బేచిరాగ్ అని రాసే ఊళ్లవి. దీపం పెట్టేవారు లేని ఊరికి సొంత వరుస ఉండి, 80 మంది కాపురముండే టోలాకు లేకపోవడం ఈ పద్ధతిలోని విడ్డూరం.

ఇదే జిల్లాకు వర్తించే మరో చట్టం ఊరిని వేరుగా చూస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఒక ఆవాసమైనా, కొన్ని ఆవాసాల గుంపైనా, తన వ్యవహారాలు తానే చక్కబెట్టుకునే సముదాయమైతే అది గ్రామమే, దానికి సొంత గ్రామసభ ఉండవచ్చు. మహారాష్ట్ర 2014లో దానికి నియమావళి తెచ్చింది. ఇదే జిల్లాలోని ధనోరా తాలూకా మేంఢా, ఐదు వందల మందికి అటూ ఇటూ ఉండే చిన్న ఊరు. అది 2009లో అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పొంది, 2011లో వెదురు అమ్ముకునే అధికారం సాధించింది. చిన్న ఆవాసం తన లెక్క తాను చూసుకోగలదని, రాబడిని ఊరి అవసరాలకు మళ్లించుకోగలదని అది చూపింది. ఒక చట్టం టోలాను గ్రామంగా ఒప్పుకుంటుంటే, వసతులు పంచే లెక్క మాత్రం అదే టోలాను చూడకుండా దాటిపోతోంది. ఈ రెండింటినీ కలిపే పని కష్టమైనదేమీ కాదు. గ్రామసభల జాబితా జిల్లా పరిషత్ దగ్గర ఉంటుంది. దాన్ని జనగణన వరుసలకు జోడించాలన్న తలంపు మాత్రం ఇప్పటిదాకా కార్యరూపం దాల్చలేదు.

లెక్క తీసే కాలం కూడా ఫలితాన్ని మారుస్తుంది. 2011లో గణకులు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటింటికీ తిరిగారు, జనాభాను ఏ క్షణానికి ఉన్నట్టుగా లెక్కిస్తారో ఆ ఆధార క్షణం మార్చి 1. దేశం మొత్తానికి ఇది అనువైన కాలమే కావచ్చు. గోదావరి, ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊళ్లకు మాత్రం ఆ ఇరవై రోజులూ మిరపకోతల కాలం. సంక్రాంతి దాటాక సిరొంచ, అహేరి, చంద్రపూర్ వైపు నుంచి కూలీలు గుంపులుగా తెలంగాణలోని మిరప తోటలకు తరలిపోతారు. పిల్లాపాపలతో, వంటసామానుతో, కొన్నిసార్లు కోళ్లతో సహా ట్రాలీల్లో వెళ్లి, చేను గట్టున టార్పాలిన్ గుడిసెలు వేసుకుని ఉంటారు. ఊళ్లో ఇంటి వాకిలికి అడ్డంగా కంప వేసి ఉంటుంది. కొందరు మార్చి చివరికి, మరికొందరు తునికాకు తెంపే వేళకు తిరిగొస్తారు. జనగణన నియమం ప్రకారం గణన జరిగే ఇరవై రోజులూ ఊళ్లో లేనివారిని ఆ ఇంట్లో రాయరు. వారెక్కడ ఉంటే అక్కడి గణకుడు రాసుకోవాలి. చేను గట్టున గుడిసెలో ఉన్నవారు ఆ ఊరి గణకుడి కంట పడితే తెలంగాణ జనాభాలో కలుస్తారు, పడకపోతే ఏ లెక్కకూ రారు. రెండింట్లో ఏది జరిగినా సిరొంచ వైపు ఊరి జనాభా నిజం కంటే తక్కువగా నమోదవుతుంది, 250 గీత మీద ఉన్న ఊరు 230కి జారుతుంది. రోడ్డు రాకపోవడానికి ఆ ఇరవై తలలు చాలు.

దీనికి తిరగబడ్డ రూపం ఆశ్రమశాలల్లో కనిపిస్తుంది. గిరిజన అభివృద్ధి శాఖ నడిపే ఆశ్రమశాలల్లో ఉండి చదివే పిల్లలను ఆశ్రమశాల ఉన్న ఊరి లెక్కలోనే రాస్తారు. అందువల్ల ఆ ఊరి జనాభా ఉబ్బి కనిపిస్తుంది, పిల్లల సొంత ఊరు బక్కచిక్కుతుంది.

ఇప్పుడు నది దగ్గరికి రావాలి, ఎందుకంటే సిరొంచ తాలూకా విషయంలో పైన చెప్పిన లోపాలన్నిటినీ మించినది రాష్ట్ర సరిహద్దు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదురొడ్డున ఉన్న సిరొంచ ఒకప్పుడు మూలన పడ్డ ఊరు కాదు. 1860లో నిజాం నుంచి ఈ ప్రాంతం బ్రిటిష్ వారి చేతికి వచ్చాక, సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. గోదావరి మీదుగా సముద్రం నుంచి మధ్య పరగణాల దాకా సరుకు పడవలు నడపాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచన అప్పట్లో బలంగా ఉండేది. ఆ రోజుల్లో నదే రహదారి, కాబట్టి రెండు నదులు కలిసే ఊరు కూడలి. 1871లో ఆ పనులు ఆపేశారు, 1874లో జిల్లాను చాందాలో, అంటే నేటి చంద్రపూర్‌లో కలిపేశారు. 1907లో నూగూరు, ఆల్బాక, చర్ల తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీకి వెళ్లిపోగా సిరొంచ ఒక్కటే ఇటు మిగిలింది. 1956లో విదర్భతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి చేరింది. నది రహదారి నుంచి సరిహద్దుగా మారడంతో కూడలిగా ఉన్న ఊరు కొసన పడింది. వందేళ్లు దాటినా వసతుల పంపిణీ ఆ కొసకు ఆఖరునే చేరుతోంది. జిల్లా కేంద్రం నుంచి బయలుదేరిన ప్రతిదీ, మందులైనా, అధికారైనా, బస్సైనా, చివరగా చేరేది ఇక్కడికే.

సిరొంచ నుంచి గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో ఆలాపల్లి దాకా అడవి దారి, ఏళ్ల తరబడి గుంతలతో పేరు మోసిన దారి. మంచిర్యాల ఆ దూరంలో సగం కూడా ఉండదు. జిల్లా మొత్తానికి రైల్వే స్టేషన్ ఉత్తరపు కొసన దేసాయిగంజ్‌లోనే ఉంది. సిరొంచవాసి రైలెక్కాలంటే మంచిర్యాలకే వెళతాడు. వైద్యం దారి మాత్రం అధికారిక పటంలో ఉత్తరంగా గీసి ఉంది: సిరొంచ గ్రామీణ ఆసుపత్రి, అక్కడ కాకపోతే అహేరి ఉపజిల్లా ఆసుపత్రి, అక్కడా కాకపోతే గడ్చిరోలి. సిరొంచ తాలూకాలోని అంకీస, ఆసరెల్లి వైపు జనం నడిచే దారి దక్షిణంగా, పడమరగా ఉంది. చెన్నూరు, మంచిర్యాల, భూపాలపల్లి, పెద్ద జబ్బయితే వరంగల్ దవాఖానా. చుట్టరికాలు, సంతలు, పెళ్లిళ్లు, పత్తి అమ్మకం, మిరప కూలి అన్నీ ఆ దిక్కునే ఉన్నప్పుడు ప్రసవం మాత్రం ఉత్తరాన జరగాలని ఎవరూ అనుకోరు.

2011 జనగణన నాటికి సిరొంచకూ కాళేశ్వరానికీ మధ్య గోదావరి మీద వంతెన లేదు. వేసవిలో ఇసుక దాటి, మిగతా కాలం నాటుపడవ ఎక్కి వెళ్లేవారు, వరదొస్తే రేవు మూసేవారు. ఆ తర్వాతి పదేళ్లలో గోదావరి మీద, ప్రాణహిత మీద కూడా వంతెనలు వచ్చాయి. 2011 పుస్తకంలో ‘సి’ అని పడ్డ ఎన్నో గడులు నిజానికి మారిపోయాయి, పుస్తకం మారలేదు. ఇది ఒక్క సిరొంచ కథ కాదు. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల జలాశయం నీళ్లు చుట్టుముట్టడంతో తెగిపోయిన 151 ఊళ్లకు 2018 జూలై 26న గురుప్రియ వంతెన తెరుచుకుంది. 910 మీటర్ల ఆ వంతెనకు ముందు అక్కడి జనానికి లాంచీ తప్ప దారి లేదు. ఆ ఊళ్లు సైతం ఇప్పటికీ అందుబాటులో ఉన్న చివరి జనగణనలో వంతెనకు ముందటి ఊళ్లే. రెండు చోట్లా ఒక్క కట్టడం ఊరికీ వసతికీ మధ్య దూరాన్ని మార్చింది, అయితే ఆ దూరాన్ని నిధుల పంపిణీలో చూసేవారు 2011 నాటి గడినే చూస్తున్నారు.

వంతెన వచ్చాక మిగిలినది కాగితాల దూరం. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. ఆసరెల్లి తల్లి మంచిర్యాలలో కంటే బిడ్డ జనన ధ్రువపత్రం తెలంగాణది. దీనివల్ల రెండు ఫలితాలు. మొదటిది, సిరొంచ తాలూకాలో జరిగిన ప్రసవాల సంఖ్య పడిపోయినట్టు కనిపిస్తుంది, ప్రసవాలు తక్కువున్న ఆసుపత్రికి స్త్రీ వైద్య నిపుణుల అవసరం లేదన్న వాదనకు అది ఊతమవుతుంది. డాక్టరు లేక జనం దాటిపోతే, జనం రావడం లేదు కాబట్టి డాక్టరు అక్కర్లేదన్న చోటికి లెక్క చేరుతుంది. రెండోది, ఆ బిడ్డ ఎదిగి మహారాష్ట్రలో నివాస ధ్రువపత్రానికి వెళ్లినప్పుడు పుట్టిన చోటు వేరే రాష్ట్రం కావడంతో తండ్రి, తాతల కాగితాలు అదనంగా చూపాల్సి వస్తుంది. రాష్ట్రం సొంతంగా నడిపే పథకాల లబ్ధి నది దాటి రాదు. దేశమంతటా చెల్లే ఆయుష్మాన్ కార్డు, ఎక్కడైనా బియ్యం తీసుకునే వీలున్న రేషన్ పద్ధతి, ఈ రెండే ఈ సరిహద్దులో నిజంగా పనికొచ్చేవి. ఎదురొడ్డున చుట్టాలకు అందే పథకాలతో పోల్చి చూసుకోవడం ఇక్కడ నిత్యం వినిపించే మాట. ఆ పోలికలో కొంత ఈర్ష్య, కొంత న్యాయం రెండూ ఉన్నాయి.

ఆ పోలికలోని న్యాయం ఎక్కడ బలంగా ఉందో చెప్పాలంటే మేడిగడ్డ దగ్గర చూడాలి. 2019 జూన్ 21న ప్రారంభించిన ఆ బ్యారేజీ నీరు తెలంగాణ అవసరాలకోసం, దాని ఎగువ ఒడ్డుల్లో ఒకటి సిరొంచ తాలూకాది. 2022 జూలై వరదల్లో ఈ ఒడ్డున ఊళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది, పంటపొలాల మీద నీరు నిలిచింది. 2023 అక్టోబరులో బ్యారేజీ పిల్లర్లు కుంగాక చర్చంతా కట్టడం చుట్టూ, ఖర్చు చుట్టూ తిరిగింది. ఇటు ఒడ్డు రైతు పొలం సంగతి రెండు రాష్ట్రాల దస్త్రాల మధ్య నలుగుతూ ఉండిపోయింది.

ఇక ఏటపల్లి, భామ్రాగడ్‌లకు సరిహద్దు కంటే వానాకాలం పెద్ద అడ్డు. భామ్రాగడ్ దగ్గర ఇంద్రావతి, పాములగౌతమి, పర్లకోట నదులు కలుస్తాయి. ఇంద్రావతి నిండుగా ఉన్నప్పుడు పర్లకోట నీరు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్ని దారి మీదికి వస్తుంది. ఆ కొన్ని రోజులు తాలూకా కేంద్రానికే బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు. దాని అవతల ఉన్న పల్లెల మాట చెప్పనక్కర్లేదు. వసతుల పట్టికలో వీటికి ఆరోగ్య కేంద్రం ఫలానా దూరంలో ఉందని ఏడాది పొడవునా ఒకే అక్షరం ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఆ అక్షరానికి అర్థం ఉండదు. మావోయిస్టుల ప్రాబల్యం ఉన్న దశాబ్దాల్లో రోడ్డు పనుల యంత్రాలు తగలబడటం, గుత్తేదార్లు వెనక్కి తగ్గడం జరిగాయన్నది నిజం. అంతకు ముందూ, హింస అంతగా లేని తాలూకాల్లోనూ రోడ్డు రాలేదన్నదీ నిజమే, కాబట్టి ఆ ఒక్క కారణం మీదే భారం వేయడం సరికాదు. 2025 జనవరి 1న అహేరి నుంచి ఏటపల్లి తాలూకా లోపలి గర్దెవాడకు మొదటిసారి రాష్ట్ర రవాణా బస్సు నడిచింది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్లకు బస్సు వచ్చిందన్న వార్త పండుగలా రాశారు. వసతుల పట్టికలో అది ఒక్క గడి మారడమే.

దూరాన్ని భవనాలతోనే జయించాలన్న నియమం లేదని చూపింది కూడా ఈ జిల్లానే. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1980ల మధ్య నుంచి ఇక్కడ పనిచేస్తూ, ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతిని 39 గ్రామాల్లో అమలు చేశారు. నవజాత శిశు మరణాలు పోల్చి చూసిన ఇతర గ్రామాలకంటే 60 శాతానికి పైగా తగ్గినట్టు 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన వారి అధ్యయనం తేల్చింది. 2011లో ఆశా కార్యకర్తల ద్వారా ఆ పద్ధతి దేశమంతటికీ వెళ్లింది. 1973లో సంఘసేవకుడు బాబా ఆమ్టే భామ్రాగడ్ తాలూకా హేమల్‌కసలో మొదలుపెట్టిన లోక్ బిరాదరి ప్రకల్ప్, దాన్ని నడిపిన ప్రకాశ్, మందాకినీ ఆమ్టేల దవాఖానా మరో రకం జవాబు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి కూడా మాడియా గిరిజనులు నడిచి అక్కడికి వచ్చేవారు, వారిది ఏ జిల్లా అని అడిగి వెనక్కి పంపిన పద్ధతి అక్కడ లేదు. ప్రభుత్వ వ్యవస్థ మొదటి జవాబును తీసుకుంది, రెండోదాన్ని మెచ్చుకుని ఊరుకుంది. 2024 అక్టోబరులో గడ్చిరోలి ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అది అవసరమైనదే. సిరొంచకు మాత్రం అది కూడా 200 కిలోమీటర్ల అవతలిదే.

కేంద్ర ఆరోగ్య శాఖ కొన్ని కొండ, ఎడారి జిల్లాల్లో తలల లెక్కను పక్కన పెట్టి, ఆవాసం నుంచి అరగంట నడకలో ఉపకేంద్రం ఉండాలన్న ‘కాల’ నిబంధనను ఒప్పుకుంది. గడ్చిరోలి కొండ కాదు, ఎడారీ కాదు. దాని కష్టం పల్చటి జనాభా, పొంగే వాగులు. అరగంట నడకను జూన్‌లో కొలవాలా, జనవరిలో కొలవాలా అన్నది తేల్చి, ఆ నిబంధనను ఇలాంటి జిల్లాలకు వర్తింపజేస్తే ఇప్పుడున్న ఉపకేంద్రాల జాబితా చాలదని లెక్కే చెబుతుంది. ఖర్చు ఎక్కువవుతుందన్న అభ్యంతరం నిజమైనదే. తలసరి ఖర్చు ఇక్కడ మైదానం కంటే కొన్ని రెట్లు కావచ్చు. అయితే ఇప్పుడు కూడా ఆ ఖర్చు ఎవరో ఒకరు భరిస్తూనే ఉన్నారు. చెన్నూరు దాకా ఆటో మాట్లాడుకునే మనిషి, మంచం మీద గర్భిణిని వాగు దాటించే నలుగురు, కూలి వదులుకుని దవాఖానాలో కూర్చునే తోడు మనిషి భరిస్తున్నారు. ప్రభుత్వ పద్దులో ఆ ఖర్చు పడకపోవడం వల్ల అది లేదనిపిస్తుంది.

తర్వాతి జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1. ఈసారి వివరాలు మొబైల్ యాప్‌లో నమోదవుతాయి. గణన మళ్లీ ఫిబ్రవరిలోనే, అంటే మళ్లీ మిరపకోతల్లోనే. ఈ లోపు సిరొంచ, అహేరి వంటి తాలూకా కేంద్రాలు నగర పంచాయతీలయ్యాయి కాబట్టి అవి పల్లెల పట్టిక నుంచి పట్టణాల పట్టికలోకి మారతాయి. జిల్లా పట్టణ జనాభా శాతం ఏ ఊరూ పెద్దగా మారకుండానే పెరుగుతుంది. జిల్లా వేగంగా పట్టణీకరణ చెందుతోందన్న శీర్షికలు అప్పుడు వస్తే వాటిని ఆచితూచి చదవాలి. గణకులుగా వెళ్లేది ఎక్కువగా స్థానిక ఉపాధ్యాయులే. కంప అడ్డం వేసిన ఇంటి వారు ఎటు వెళ్లారో పక్కింటివాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆ జవాబుకు యాప్‌లో ఒక గడి, టోలాకు ఒక విడి సంకేతం, వసతి దూరం పక్కన వానాకాలపు దారి తెరిచి ఉంటుందా లేదా అన్న ప్రశ్న చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. రాష్ట్ర సరిహద్దు అవతల ఉన్న దవాఖానాను ‘అందుబాటులో ఉన్న వసతి’గా రాయాలా వద్దా అన్నది మాత్రం రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కూర్చుని తేల్చాల్సిన విషయం. రాస్తే, సిరొంచ నుంచి వచ్చే రోగులకయ్యే ఖర్చు మంచిర్యాల ఆసుపత్రికి ఎవరు తిరిగి చెల్లిస్తారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. రాయకపోతే సిరొంచలోనే ప్రసవానికి, శస్త్రచికిత్సకు నిపుణులను నిలబెట్టాల్సిన బాధ్యత మహారాష్ట్రది అవుతుంది.